తప్పు, దండుగ, వెలి

1974 మే 28 రాత్రి, కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో ఎల్మైరా అనే చిన్న ఊరు. తాగిన మత్తులో ఇద్దరు కుర్రాళ్ళు ఊరి మీద పడ్డారు. కార్ల టైర్లు కోశారు, కిటికీ అద్దాలు పగలగొట్టారు, ఎవరిదో పడవను ఈడ్చుకొచ్చి చిల్లులు పెట్టారు. తెల్లారేసరికి 22 చోట్ల నష్టం. ఇద్దరూ దొరికిపోయారు, నేరం ఒప్పుకున్నారు. తర్వాతి కథ ఎక్కడైనా ఒకటే కదా: జడ్జి, జరిమానా, లేకపోతే జైలు.

వాళ్ళ కేసు చూస్తున్న ప్రొబేషన్ అధికారి మార్క్ యాంట్జీ మెనొనైట్ మతస్థుడు. ఆయుధం పట్టకూడదని నమ్మే క్రైస్తవ శాఖ అది. ఈ పిల్లలు ఎవరి ఇళ్ళయితే పాడుచేశారో వాళ్ళ ఎదురుగా వెళ్ళి నిలబడితే బాగుంటుందని ఆయనకూ, డేవ్ వర్త్ అనే సహచరుడికీ అనిపించింది. ఆ మాటే జడ్జికి రాశారు. జడ్జి గోర్డన్ మెకానెల్ మొదట కుదరదన్నాడు. చట్టంలో అలాంటిది లేదు మరి. కానీ తీర్పు రోజున ఏమనుకున్నాడో, కేసును ఒక నెల వాయిదా వేసి, వెళ్ళి కలిసి రమ్మన్నాడు.

అప్పటికి మధ్యవర్తుల శిక్షణ లేదు, కుర్చీలు గుండ్రంగా వేయడం లేదు. యాంట్జీ, వర్త్ వెనకాల నిలబడేవారు. కుర్రాళ్ళు ముందుకెళ్ళి తలుపు కొట్టి, మీ అద్దం పగలగొట్టింది మేమే, ఎంత నష్టమైందో చెప్పండి అని అడగాలి. చర్చితో సహా ఒక్కో గుమ్మం. ఊళ్ళో లేకుండా పోయినవాళ్ళు తప్ప అందరినీ కలిశారు. ఇన్సూరెన్సు ఇవ్వని నష్టం లెక్కగట్టి కొన్ని నెలల్లో తీర్చేశారు.

ఆ ఇద్దరిలో ఒకడు రస్ కెల్లీ. చాలా ఏళ్ళకు, పెద్దవాడయ్యాక ఓ కాలేజీలో చేరి చట్టానికి సంబంధించిన పాఠం వింటూంటే, ఉపన్యాసం ఇవ్వడానికి వచ్చినవాళ్ళు ఎల్మైరా కేసు చెప్పారట. ప్రపంచమంతా చెప్పుకుంటున్న ఆ కథలో కుర్రాడు తానేనని ఆయనకు తెలిసింది అప్పుడే. తర్వాత ఆయన కూడా ఇలాంటి మధ్యవర్తిత్వంలోనే స్వచ్ఛందంగా పనిచేశాడు, తన కథ తానే బహిరంగంగా చెప్పుకున్నాడు.

ఇవాళ అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా స్కూళ్ళ నుంచి మన ఇన్‌బాక్సుల్లోకి వచ్చి పడే 'రెస్టొరేటివ్' అన్న మాటకు పుట్టిల్లు ఏదని అడిగితే, చాలామంది ముందు చూపించేది ఈ ఎల్మైరానే.

ఈ మాటను తెలుగులో ఏమనాలి? 'పునరుద్ధరణ న్యాయం' అని రాస్తున్నారు. నాకైతే అది వింటే గాలివానకు పోయిన కరెంటు మళ్ళీ వచ్చినట్టు ఉంటుంది. మన దగ్గర ఇంతకంటే పాత మాటలున్నాయి. 'తప్పు' సంగతే చూడండి. తప్పంటే చేసిన నేరమే కాదు, దానికి కట్టే సొమ్ము కూడా. కులపంచాయితీ వాడికి తప్పు వేసింది, వాడు తప్పు కట్టాడు అనేవారు. చేసిందీ కట్టిందీ రెండూ ఒకే మాట! 'దండుగ' అయితే అసలు అర్థమే జరిమానా. డబ్బు దండుగ అని ఇప్పుడు మనం వాడే అర్థం తర్వాత వచ్చి చేరింది. శిక్షగా కట్టిన సొమ్ము ఎవరికీ పనికిరాకుండా పోతుందని జనానికి అనుభవం మీద తెలిసి ఉండాలి. ఇది నా ఊహే, నిఘంటుకారుల మీద నెట్టను. మూడోది 'వెలి'. నిప్పూ నీళ్ళూ బందు చేసి ఊరవతలకు నెట్టేయడం.

రచ్చబండ న్యాయాన్ని ఆకాశానికెత్తడం నా ఉద్దేశం కాదు. ఆ బండ మీద కూర్చునే హక్కు ఎవరిదో, చేతులు కట్టుకుని కింద నిలబడ్డవాళ్ళెవరో మనకు తెలుసు. ఈ మూడు మాటలూ బడి చరిత్రకు బాగా పనికొస్తాయి కాబట్టి తెచ్చాను. ప్రపంచంలో ఎక్కడ చూసినా బడులు చాలాకాలం దండనతోనూ వెలితోనూ నడిచాయి. నష్టం కట్టించి లోపలే ఉంచుకోవడమన్న దారి ఆలస్యంగా వచ్చింది.

దండన గురించి మనకు వేరే చెప్పాలా? మన వీధిబడుల్లో గుంజీలు, గోడకుర్చీ, తొడపాశం, అన్నిటికీ మించి చేతులు తాడుకు కట్టి దూలానికి వేలాడదీసే కోదండం. పెద్దవాళ్ళు వాటిని నవ్వుతూ చెబుతారు, మాకు అలా చదువొచ్చింది అంటారు. నవ్వుతూ చెప్పేవాళ్ళంతా ఆ బడిలో నిలబడి పైకొచ్చినవాళ్ళు. కోదండం భయానికి బడి ఎగ్గొట్టి గొడ్లు కాసుకున్నవాడి కథ మన ఆత్మకథల్లోకి ఎక్కదు.

నష్టపరిహారం దారిలో నాకు బాగా నచ్చిన పాత ప్రయోగం మాత్రం ఎల్మైరాకు యాభై ఏళ్ళు ముందుది. వార్సా నగరంలో యానుష్ కోర్చాక్ అనే యూదు వైద్యుడు 1912 నుంచి క్రొఖ్‌మాల్నా వీధిలో ఓ అనాథాశ్రమం నడిపాడు. అక్కడ పిల్లలే నడిపే కోర్టు ఉండేది. ఎవరికి ఎవరి మీద కోపమొచ్చినా పలక మీద పేరు రాసి ఫిర్యాదు పెట్టుకోవచ్చు. పిల్లల మీద, పెద్దల మీద, కావాలంటే తన మీద తానే కేసు వేసుకోవచ్చు. ఐదుగురు జడ్జీలూ పిల్లలే. ఆ వారం తమ మీద ఏ కేసూ లేనివాళ్ళలోంచి చీటీ తీసి ఎంచేవారు. పెద్దవాళ్ళలో ఒకరు గుమస్తాగా కూర్చుని రాసుకుంటారు, ఓటు మాత్రం లేదు.

ఆ కోర్టుకు కోర్చాక్ రాసిన శిక్షాస్మృతి చదవదగ్గది. సెక్షన్లు 1 నుంచి 1000 దాకా అంకెలు. మొదటి 99లో శిక్ష అన్నదే లేదు. ఫిర్యాదుదారు కేసు వెనక్కి తీసుకున్నాడనో, తెలియక చేశాడనో, మళ్ళీ చేయడనుకుంటున్నామనో, ఏదో ఒక కారణంతో క్షమించడమే. నూరో సెక్షన్‌తో గాని నువ్వు తప్పు చేశావన్న మాట రాదు. అక్కణ్ణించి వందలెక్కిన కొద్దీ మాట గట్టిపడుతుంది. వెయ్యో సెక్షన్ ఒక్కటే వెలి, ఆశ్రమం నుంచి పంపించేయడం. ఒక డాక్టరు శిక్షాస్మృతి రాస్తే ఇలా ఉంటుంది కాబోలు, కోత పెట్టేముందు మందులన్నీ వాడి చూసినట్టు.

ఒక ఆరునెలల కాలంలో తన మీదే ఐదుసార్లు కేసు పడిందని కోర్చాక్ రాసుకున్నాడు. ఒకడి చెవులు వాయించినందుకు, ఒకణ్ణి పడకగదిలోంచి గెంటినందుకు, ఒకణ్ణి మూల నిలబెట్టినందుకు, ఒక జడ్జిని అవమానించినందుకు, దొంగతనం చేశావని ఒక పిల్లను అన్నందుకు. ఆ ఐదు కేసులూ తనను రాజ్యాంగబద్ధమైన గురువుగా తయారుచేశాయన్న అర్థంలో చెప్పుకున్నాడు. ఇదంతా సాఫీగా సాగిందనుకోకండి. పిల్లలు కోర్టును ఎగతాళి చేసిన రోజులున్నాయి, చిల్లర కేసులతో విసిగించిన రోజులున్నాయి. కొన్నాళ్ళు దాన్ని మూసేసి, నియమాలు మార్చి మళ్ళీ తెరిచాడు. ఆ సంగతి దాచకుండా రాసినందుకే నాకు ఆయన మీద నమ్మకం.

మనతో ఆయనకో చుట్టరికం ఉంది. నాజీలు వాళ్ళందరినీ ఘెట్టోలోకి నెట్టాక, 1942 జులైలో ఆ పిల్లలు ఆడిన నాటకం టాగూరు 'డాక్‌ఘర్'. జబ్బుపడి కిటికీ దగ్గర కూర్చుని, రాజుగారి ఉత్తరం కోసం ఎదురుచూసే అమల్ కథ. మరుసటి నెలలో కోర్చాక్‌నూ దాదాపు 200 మంది పిల్లలనూ ట్రెబ్లింకా మరణ శిబిరానికి తీసుకుపోయారు. తప్పించుకునే అవకాశాలు వచ్చినా ఆయన పిల్లల్ని వదలలేదు.

తర్వాతి మజిలీలు కాస్త వేగంగా. న్యూజిలాండ్‌లో మావోరీ పిల్లల్ని కుటుంబాల నుంచి విడదీసి సంస్థల్లో పడేయడం మీద పెద్ద ఆగ్రహం రేగి, 1989లో కొత్త చట్టం వచ్చింది. బాలనేరస్తుడి విషయం తేల్చడానికి కుటుంబాన్నీ బంధువర్గాన్నీ, నష్టపోయినవాళ్ళనూ ఒకచోట కూర్చోబెట్టాలన్నది అందులో ముఖ్యం. అది సముద్రం దాటి ఆస్ట్రేలియా వెళ్ళింది. 1991లో వాగా వాగా పట్నంలో టెర్రీ ఓకానెల్ అనే పోలీసు సార్జెంటు దాన్ని స్టేషన్లోకి తెచ్చాడు. 1994లో క్వీన్స్‌లాండ్‌లోని మరూచిడోర్ ప్రభుత్వ హైస్కూల్లో, స్కూలు డాన్సు తర్వాత జరిగిన ఒక కొట్లాటను తేల్చడానికి మార్గరెట్ థార్స్‌బోర్న్ అనే కౌన్సిలరు అదే పద్ధతి వాడింది. బడిలో ఈ పద్ధతి చరిత్ర సాధారణంగా ఇక్కడ మొదలుపెడతారు. కెనడా ఉత్తరాన యూకాన్‌లో 1992లో బారీ స్టువర్ట్ అనే జడ్జి కోర్టుగదిలో బల్లలు తీయించి అందరినీ గుండ్రంగా కూర్చోబెట్టాడు. అక్కడి ఆదివాసుల సంప్రదాయం అది. చేతిలో ఒక వస్తువు ఉన్నవాళ్ళే మాట్లాడాలి, మిగతావాళ్ళు వినాలి. ఇప్పుడు కాలిఫోర్నియా ఎలిమెంటరీ స్కూళ్ళలో ఈకో, బొమ్మో, నున్నటి రాయో చేతులు మారుతూ తిరగడం అక్కణ్ణించి వచ్చింది. ఎవరి ఆచారమో చెప్పకుండా, నాలుగు స్లైడ్ల శిక్షణగా అమ్ముకుంటున్నారని ఆదివాసులు నొచ్చుకుంటారు. న్యాయమైన మాటే.

ఈ కూర్చోబెట్టడంలో అడిగే ప్రశ్నలు ఎక్కడైనా దాదాపు అవే. ఏం జరిగింది? ఆ క్షణంలో ఏమనుకున్నావు? తర్వాత ఏమనిపించింది? ఎవరికి దెబ్బ తగిలింది, ఎలా? సరిచేయడానికి ఏం చేయాలి? 'ఎందుకు చేశావు' అన్న ప్రశ్న ఇందులో లేదు గమనించారా? మన ఇళ్ళలో మొట్టమొదటి ప్రశ్న అదే. దానికి పిల్లలు చెప్పేది అబద్ధమో, మౌనమో. వాళ్ళకైనా తెలిస్తే కదా!

ఆస్ట్రేలియా సామాజికశాస్త్రవేత్త జాన్ బ్రెయిత్‌వెయిట్ 1989లో దీనికో సిద్ధాంతం ఇచ్చాడు. సిగ్గుపడేలా చేయడం రెండు రకాలని. చేసిన పనికి సిగ్గుపడేలా చేసి మనిషిని మళ్ళీ దగ్గరకు తీసుకోవడం ఒకటి. మనిషి మొహానే ముద్ర కొట్టి పంపేయడం మరొకటి. క్లాసులో బెంచీ ఎక్కించి మొత్తం తరగతి చేత నవ్వించడం ఏ రకమో మీరే చెప్పండి.

ఇక నేనుంటున్న అమెరికా. ఇక్కడికొచ్చిన కొత్తలో చాలామంది మనవాళ్ళలాగే నేనూ ఇక్కడి బడుల్లో పిల్లల మీద చెయ్యి వేయరని విన్నాను. పూర్తిగా నిజం కాదు. 1970లో మయామీలో ఒక జూనియర్ హైస్కూల్ కుర్రాణ్ణి చెక్క తెడ్డుతో 20 దెబ్బలకు పైగా కొట్టారు. వైద్యం అవసరమై అతను కొన్ని రోజులు బడికే రాలేకపోయాడు. ఆ కేసు సుప్రీంకోర్టుకు వెళ్తే, 1977లో 5–4 తేడాతో తీర్పు వచ్చింది. క్రూరమైన శిక్షలను నిషేధించే రాజ్యాంగ సవరణ నేరం రుజువైనవాళ్ళకోసం ఉంది, బడిపిల్లలకు వర్తించదని. ఖైదీకి ఉన్న రక్షణ విద్యార్థికి లేదన్నమాట. ఇప్పటికీ పదిహేనుకు పైగా రాష్ట్రాల్లో ప్రభుత్వ బడిలో కొట్టడం చట్టవిరుద్ధం కాదు. భారతదేశంలో 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక శిక్షనూ మానసిక వేధింపునూ రెంటినీ నిషేధించింది. కాగితం మీదైనా ఈ విషయంలో మనమే ముందున్నాం. ఆచరణ సంగతి వార్తాపత్రిక చదివేవాళ్ళకు చెప్పనక్కర్లేదు.

తెడ్డు వెనక్కి తగ్గినచోట వెలి ముందుకొచ్చింది. 1994లో తుపాకుల చట్టం: బడికి తుపాకీ తెస్తే కనీసం ఏడాది బహిష్కరణ, లేకపోతే ఆ రాష్ట్రానికి కేంద్ర విద్యానిధులు రావు. తుపాకీ విషయంలో ఎవరు కాదంటారు? 1999లో కొలంబైన్ హైస్కూల్ కాల్పుల తర్వాత ఆ కాఠిన్యం మరింత బిగిసింది. కానీ 'జీరో టాలరెన్స్' తుపాకీ దగ్గర ఆగలేదు. మందుబిళ్ళలకూ ఎదురు సమాధానాలకూ పాకింది. 2013లో మేరీలాండ్‌లో ఏడేళ్ళ పిల్లవాడు అల్పాహారంలో ఇచ్చిన పేస్ట్రీని తుపాకీ ఆకారంలో కొరికినందుకు రెండు రోజులు సస్పెండయ్యాడు. నవ్వొస్తుంది. టెక్సస్ లెక్కలు చూస్తే నవ్వు ఆగిపోతుంది. అక్కడ దాదాపు పది లక్షలమంది ఏడో తరగతి పిల్లల రికార్డులను ఆరేళ్ళకు తక్కువ కాకుండా అనుసరించిన అధ్యయనం 2011లో వచ్చింది. వాళ్ళలో దాదాపు 60 శాతం మంది ఒక్కసారైనా సస్పెండో బహిష్కరణో అయినవాళ్ళే. ఆ చర్యల్లో చట్టం తప్పనిసరి చేసినవి 3 శాతం మాత్రమే. మిగతావన్నీ పెద్దల విచక్షణ. ఆ విచక్షణ నల్లజాతి పిల్లల మీద ఎక్కువగా వాలిందని వేరే చెప్పాలా?

ఓక్లాండ్ కథ ఈ నేపథ్యంలోది. ఫానియా డేవిస్ అక్కడ పౌరహక్కుల లాయరు, పేరుమోసిన ఏంజెలా డేవిస్‌కు చెల్లెలు. 2005లో ఆమె ఒక సంస్థ పెట్టి, పశ్చిమ ఓక్లాండ్‌లో కోల్ మిడిల్ స్కూల్ అనే పేద బడిలో వలయాలు మొదలుపెట్టించింది. అక్కడ సస్పెన్షన్లు 87 శాతం తగ్గాయని 2010లో బర్క్‌లీ లా స్కూల్ నివేదిక చెప్పింది. అదే ఏడాది జనవరిలో ఓక్లాండ్ స్కూల్ బోర్డు మొత్తం జిల్లాకు దీన్ని విధానంగా ఆమోదించింది. ఈ 87 అంకెను ఇప్పటికీ ప్రతి శిక్షణలో చూపిస్తారు. చూపించేవాళ్ళు చెప్పని సంగతి ఒకటుంది, నివేదిక బయటికొచ్చేనాటికి ఆ బడే లేదు. అప్పటికే మూసేశారు. చిన్న బడి, ఒకటి రెండేళ్ళ లెక్క. అంకె అబద్ధం కాదు, కానీ దాని మీద మోపిన బరువు చాలా ఎక్కువ.

మరి పెద్ద పరీక్షలేం చెప్పాయి? పిట్స్‌బర్గ్‌లో 44 బడులను తీసుకుని, సగం బడుల్లో ఈ పద్ధతి పెట్టి సగంలో పెట్టకుండా రెండేళ్ళు చూశారు. 2018 చివర్లో ఫలితాలు వచ్చాయి. సస్పెన్షన్లు తగ్గాయి, నల్ల తెల్ల పిల్లల మధ్య తేడా కొంత తగ్గింది, బడి వాతావరణం మెరుగైందని టీచర్లు అన్నారు. పిల్లలు మాత్రం అలా అనలేదు. పైగా ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లల మార్కులు తగ్గాయి. ఇంగ్లండ్‌లో 40 సెకండరీ బడుల్లో మూడేళ్ళు చేసిన ప్రయోగంలో వేధింపులు కొద్దిగా తగ్గాయి, కొట్లాటల్లో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. అటు రాజకీయం తన దారిన తాను ఊగింది. సస్పెన్షన్లలో వివక్ష మీద ఒబామా ప్రభుత్వం 2014 జనవరిలో ఇచ్చిన మార్గదర్శకాన్ని ట్రంప్ ప్రభుత్వం 2018 డిసెంబరులో తీసేసింది. డబ్బుల్లేక ఓక్లాండ్ బోర్డు 2019లో పెట్టుకున్న కోతల జాబితాలో ఈ కార్యక్రమం కూడా చేరింది.

నా అభిప్రాయం అడిగితే, ఇది ఖర్చుతో కూడిన పని. ఒక పిల్లవాణ్ణి ఇంటికి పంపడానికి ఒక ఫారం చాలు. ఒక్క వలయం సరిగ్గా నడపడానికి ఇద్దరు పెద్దలు అంతకుముందు రెండు వైపులా విడివిడిగా కూర్చుని గంటలు గడపాలి. ఆ గంటలకు జీతం ఇవ్వకుండా, సస్పెన్షన్ మాత్రం చేయొద్దని పైనుంచి ఉత్తర్వు వస్తే క్లాసులో ఉన్న టీచరు గతేమిటి? బయటికి పంపిన పిల్లవాడు పది నిమిషాల్లో చిప్స్ ప్యాకెట్‌తో తిరిగొచ్చాడని వాపోయే టీచర్లు నాకు తెలుసు. వాళ్ళు బెత్తం కోరేవాళ్ళేం కాదు.

అంతకంటే ఎక్కువగా నన్ను తొలిచేది దెబ్బతిన్న పిల్ల సంగతి. మా స్నేహితుల అమ్మాయి ఆరో తరగతిలో ఉండగా బస్సులో ఒక కుర్రాడు నెలల తరబడి ఏడిపించాడు. పేరు వెక్కిరింపుతో మొదలై జడ లాగడం దాకా వెళ్ళింది. బడివాళ్ళు ఇద్దరినీ ఓ గదిలో కూర్చోబెట్టి చేతికో రాయి ఇచ్చారు. సాయంత్రం ఆ పిల్ల తల్లితో అన్న మాట: "వాడు సారీ చెప్పాడమ్మా. నేను పర్లేదు అనాల్సి వచ్చింది. అందరూ నా వైపే చూస్తున్నారు."

ఎల్మైరాలో కుర్రాళ్ళు తలుపు కొట్టారు. తీయాలా వద్దా, తిట్టాలా టీ ఇవ్వాలా అన్నది ఇంటివాళ్ళ ఇష్టం. వార్సాలో పలక మీద పేరు రాసేది దెబ్బతిన్న పిల్లే, వెనక్కి తీసుకునేదీ తనే. పర్లేదు అనమని ఎవరూ ఆమె వైపు చూడరు. ఈ ఒక్క సంగతి శిక్షణ స్లైడ్లలో ఎక్కడ జారిపోయిందో నాకు అర్థం కాదు.

ఆ తల్లి ఊరుకోలేదు, ఇంకోసారి కూర్చోబెట్టమంది. ఈసారి ముందుగా అమ్మాయిని ఒంటరిగా పిలిచి, నీకేం కావాలని అడిగారు. తనకు సారీ అక్కర్లేదని, డ్రైవరు వెనక మొదటి సీటు ఏడాదంతా తనకే కావాలని చెప్పింది. ఆ కుర్రాడు చివరి వరసలో కూర్చోవాలని, తన పేరు సరిగ్గా పలకడం నేర్చుకోవాలని అడిగింది. ఆ పేరులో ఒక 'ళ' ఉంది. వాడికి మూడు రోజులు పట్టిందట.